సీలు కింద సొమ్ము

మా ఆయన చొక్కాలన్నిటికీ కుడిచేతి అంచు దగ్గర లక్క మరక ఉండేది. సబ్బుకు పోయే మరక కాదది. ముందు గోరుతో పెచ్చు లేపాలి. తర్వాత పైనొక కాగితం, కిందొక కాగితం పెట్టి ఇస్త్రీపెట్టె ఆనిస్తే మిగిలింది కరిగి కాగితానికి అంటుకుంటుంది. పెళ్లయిన కొత్తలో ఆ సంగతి తెలియక బ్రష్షుతో రుద్ది రుద్ది ఒక చొక్కా చింపేశాను. ఆయన దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూసి, "చొక్కా ఒకటి. తెల్లది. చేతి అంచున చిరుగు" అన్నారు, పక్కన ఎవరో రాసుకుంటున్నట్టు. తిడుతున్నారో నవ్విస్తున్నారో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను.

ఆయన పోలీసుల్లో పనిచేశారు. అలాగని దొంగల వెంట పరిగెత్తిందీ లేదు, ఎవరిమీదా చెయ్యెత్తిందీ లేదు. పోలీసులు పట్టుకొచ్చిన వస్తువులు దాచే గది ఆయన చేతిలో ఉండేది. స్టేషన్ వెనకవైపు, కిటికీలు లేని పొడవాటి గది. గోడల పొడుగునా ఇనుప అరలు. ఆ అరల్లో కత్తులు, గొలుసులు, నకిలీ మందుల పెట్టెలు, ఒక కుట్టుమిషను, ఎవరో ఎవరి నెత్తిమీదో మోదిన ఇత్తడి చెంబు. కోర్టు అడిగేదాకా అవన్నీ అక్కడే, వచ్చినవి వచ్చినట్టే ఉండాలి. ఏ వస్తువు వచ్చినా ఇద్దరు సాక్షుల ముందు గుడ్డలో మూటకట్టి, కుట్లు వేసి, ముడిమీద లక్క కరిగించి పోసి, తన ముద్ర నొక్కేవారు. మూటకో చీటీ కట్టేవారు. స్టేషన్లో చిన్నా పెద్దా అందరికీ ఆయన సీలు బాబాయే.

ఆ చీటీ రాయడంలో ఆయనకో పట్టుదల ఉండేది. బంగారు గొలుసు వస్తే బంగారం అని రాసేవారు కాదు. "పసుపురంగు లోహపు గొలుసు ఒకటి" అని రాసేవారు. అది బంగారమో ఇత్తడో తేల్చాల్సింది పరీక్ష చేసేవాళ్లు. సీసా మూత తీయకముందే గది అంతా సారా వాసన కొడుతున్నా "రంగులేని ద్రవం" అనే రాసేవారు. కంటికి కనపడింది రాయాలి, మనకు తెలిసింది రాయకూడదు అనేవారు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. భోజనానికి కూర్చుని గిన్నె మూత తీసి, "ఎర్రటి ద్రవం. వేడిగా ఉంది. కూరగాయ ముక్కలు కొన్ని" అనేవారు. "తిని చెప్పండి, ద్రవమో కాదో" అని నేను వడ్డించేదాన్ని.

ఉద్యోగమంతా కలిపి ఆ పద్ధతి ఒక్కసారే తప్పారు. ఆ ఒక్కసారే పీకల మీదికి తెచ్చింది.

మా వీధి చివర ఇంట్లో, స్కూలు క్యాంటీన్లో వంటచేసే ఆవిడ ఉంటుంది. నన్ను వదినా అంటుంది, ఆయన్ని అన్నా అనేది. సొంతంగా చిన్న హోటలు పెట్టుకోవాలని ఏళ్ల తరబడి కూడబెట్టింది. ఒకరోజు ఎవరో ఫోన్ చేసి, పెద్ద ఆఫీసర్లమని చెప్పి, నీ ఖాతా ఏదో నేరంలో ఇరుక్కుంది, డబ్బంతా మేం చెప్పిన ఖాతాలో వేస్తే చూసి తిరిగి పంపిస్తాం అన్నారు. ఫోను పెట్టెయ్యనివ్వలేదట. పొయ్యిమీద కూర మాడుతున్నా పెట్టెయ్యనివ్వలేదట. ఆవిడ పంపించేసింది. తిరిగి రావడానికి అది పంపినచోట ఉంటే కదా.

ఆ కేసు చూసింది కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ. మా అమ్మాయి వయసే ఉంటుంది. మధ్యాహ్నం పూట మా ఆయన క్యారేజీలో సగం ఆ పిల్లే తినేది. "పిన్నిగారికి చెప్పండి బాబాయ్, రేపు ఉప్పు తగ్గించమని" అని కబురు కూడా పంపేది. చురుకైనది. డబ్బు ఎవరెవరి ఖాతాల్లోకి పోయిందో, అక్కణ్నుంచి ఎవరు నోట్లుగా బయటికి తీశారో వెతుక్కుంటూ పోయి, చివరికి సూట్‌కేసులు అమ్మే ఒక కొట్టువాణ్ని పట్టుకుంది. వాడు ఆ నోట్లతో డిజిటల్ కాయిన్లు కొనేవాడు. బ్యాంకులో కాదు, షాపులో కాదు, కాఫీ హోటల్లో ఎదురెదురుగా కూర్చుని. వీడు నోట్ల సంచీ ఇస్తే అవతలివాడు తన ఫోన్లోంచి వీడి ఫోన్లోకి కాయిన్లు పంపేవాడు. లేచి చెరోవైపు వెళ్లిపోయేవాళ్లు.

"బ్యాంకులో వేస్తే ఖాతాకు పేరుంటుంది బాబాయ్" అని ఆ పిల్ల మా ఆయనకు చెప్పిందట. "వీళ్ల దగ్గర పేరు లేదు, రసీదు లేదు. కాయిన్ ఎటు వెళ్లిందో లోకమంతా చూడొచ్చు. దారి కనపడుతుంది. నడిచేవాడి మొహమే కనపడదు."

కొట్టువాడి ఫోనైతే దొరికింది, అందులో కాయిన్లున్నాయి. వాటిని ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలియలేదు. వెంటనే పోలీసుల సొంత ఖాతాలాంటిదేదో తెరిచి అందులోకి మార్చాలట. అలాంటిది వాళ్లకు లేదు. తెరవడానికి అనుమతి ఇవ్వండని ఇన్‌స్పెక్టరమ్మ పైకి రాసింది. పైవాళ్లు, ఇది డబ్బా, వస్తువా అని అడిగారు. డబ్బయితే ఖజానాకు పంపాలి, వస్తువైతే మా ఆయన గదికి పంపాలి. ఖజానావాళ్లు మా దగ్గర నోట్లు, చిల్లర తప్ప ఇంకేదీ తీసుకోం అన్నారు. అలా అది వస్తువైంది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి నాకు చెప్పిన సంగతిది. ఇన్‌స్పెక్టరమ్మ ఫోను తెచ్చి బల్లమీద పెట్టి, తెర వెలిగించి, "ఇవిగో బాబాయ్, కాయిన్లు" అందట.

"ఏవమ్మా?"

"ఇదిగో, ఈ అంకె."

"అంకె కనపడుతోంది. కాయిన్లేవి?"

"అంకే కాయిన్లు బాబాయ్."

ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారట. అంకె తప్ప మరేం కనపడలేదు. "అయితే ఫోను ఒకటి, నల్లది, తెరమీద ఒక అంకె కనిపించింది అని రాస్తాను" అన్నారట.

"అలా రాయకండి బాబాయ్. వాడి లాయరు ఇది ఉత్త ఫోనే అంటాడు, ఫోను తిరిగిచ్చెయ్యమంటాడు. ఆవిడ సొమ్ము ఇందులో ఉందని ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలి. పైవాళ్లు పలకట్లేదు. మీరన్నా రాయండి" అంటూ ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుందట.

ఆయన రాశారు. ఫోను ఒకటి, అందులో ఇన్ని కాయిన్లు ఉన్నవి అని. మూటకట్టి, కుట్టి, లక్క పోసి ముద్రేశారు.

ఆరోజు అన్నం సరిగ్గా తినలేదు. "చూడంది రాశానే ఇవాళ" అన్నారు.

"ఏమైందిప్పుడు, సీలు వేసి తాళం పెట్టారుగా. ఎక్కడికి పోతాయి?" అన్నాను.

ఎక్కడికి పోతాయన్న మాటకు జవాబు కొన్నివారాలకే వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ తన కంప్యూటర్లో ఆ కాయిన్ల దారి చూస్తుంటే, అవి ఉన్నచోట లేవు. ఎవరో తీసుకుపోయారు. పరుగున గదికొచ్చి చూస్తే మూట అరలోనే ఉంది. కుట్టు ఊడలేదు, లక్క పగల్లేదు. లోపలి ఫోను చార్జింగు అయిపోయి ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది.

మా తమ్ముడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. బావగారిని ఆటపట్టించడం వాడి రెండో వృత్తి. సంగతి తెలిసి వచ్చాడు. మొదట్లో వాడికి నవ్వాగలేదు.

"ఏం బావా, నీ లక్కకు కన్నం పడిందటగా?"

"నోర్ముయ్" అన్నాను నేను.

"అది కాదక్కా. బావా, కాయిన్లు ఫోన్లో ఉండవు. ఫోను తాళంచెవి లాంటిదంతే. ఇంకో చెవి ఎవడి దగ్గరో ఉండగా నువ్వు ఈ చెవిని గుడ్డలో చుట్టి, కుట్టి, ముద్ర కొట్టి కూర్చుంటే ఏం లాభం? వాడు ఇంకో ఫోన్లో పన్నెండు మాటలు కొట్టాడు, ఊడ్చుకుపోయాడు."

"పన్నెండు మాటలేంట్రా?" అన్నారాయన.

"అదే దాని గుట్టు. కుర్చీ, వాన, గొర్రె, గొడుగు... ఇలా మామూలు మాటలే పన్నెండు, ఒక వరసలో. వరస తెలిసినవాడిదే సొమ్ము."

"ఎవరు సంపాదించిందైనా?"

"ఎవరు సంపాదించిందైనా."

"నీకింత వివరంగా ఎలా తెలుసు?" అని నేనడిగాను. వాడు నీళ్లు నమిలాడు. "నావీ కొన్నున్నాయిలే అక్కా."

"మీ ఆవిడకు తెలుసా?"

"అదేగా! ఆ పన్నెండు మాటలు దానికి దొరక్కుండా ఎక్కడ దాచాలో తెలీక చస్తున్నాను."

ఆ కష్టంలోనూ ఆయన ఫక్కున నవ్వారు. మళ్లీ అలా నవ్వడానికి చాన్నాళ్లు పట్టింది.

విచారణకు డిప్యూటీ సూపరింటెండెంటు వచ్చాడు. చెడ్డవాడేం కాదు. ఇంతకుముందు మా అమ్మాయి పెళ్లికొచ్చి భోంచేసి వెళ్లినవాడే. కానీ అతనికీ పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. పోయిన కాయిన్లకు బాధ్యుడని ఒక మనిషిని చూపించాలి. సీలు ఎవరిది, సీలు బాబాయిది. గది ఎవరిది, తాళాలెవరివి, చీటీ మీద చేతిరాత ఎవరిది? ఉన్నవి అని రాసి సంతకం పెట్టినవాడే లేనివాటికి జవాబు చెప్పాలన్నాడు.

"ఎవరైనా రాయమన్నారా బాబాయ్? చెప్పు, నీకు మంచిది" అన్నాడట.

ఈయన ఉలకలేదు, పలకలేదు. సస్పెన్షన్ కాగితం చేతిలో పెట్టారు. తాళాలు అప్పగించి, ముద్ర అప్పగించి, ఖాళీ క్యారేజీ పట్టుకుని పట్టపగలు ఇంటికొచ్చారు. రిటైర్మెంటు ఏడాదిలోకి వచ్చేసింది. దొంగతనం మచ్చతో ఆగిపోతే పెన్షనూ పోతుంది, పేరూ పోతుంది. పెన్షన్ సంగతి నేను ఆలోచించాను. ఆయన ఆలోచించింది రెండోదాని గురించే.

సరుకుల కొట్టు దగ్గరికి నేను వెళితే, కొట్టాయన పొట్లం కడుతూ, "సారుకు కాయిన్లు బాగా కలిసొచ్చాయంటగా అమ్మా!" అన్నాడు. పక్కనున్నవాళ్లు అటు తిరిగి నవ్వుకున్నారు. నాకు తలకొట్టేసినట్టయింది. కొన్నవి అక్కడే వదిలేసి వచ్చేశాను.

వంటావిడ మాత్రం చాటుగా అనలేదు. నేరుగా మా గుమ్మంలోకొచ్చి నిలబడి, "నిజం చెప్పన్నా. తిన్నావా?" అంది.

"లేదమ్మా" అన్నారాయన.

ఆవిడ చెప్పులు విడిచింది. తర్వాత లోపలికొచ్చి నా పక్కన కూర్చుని, నేను కోస్తున్న కూరగాయలు కొన్ని తన ఒళ్లోకి లాక్కుంది.

ఆవిడ వెళ్లాక నేను ఆయనమీద విరుచుకుపడ్డాను. "ఇన్‌స్పెక్టరమ్మ రాయమంది అని ఒక్క ముక్క చెబితే పోయేదానికి ఎందుకండీ ఈ మౌనవ్రతం?"

"రాసింది నేను."

"రాయించింది ఎవరు?"

"రాయించింది ఆ పిల్ల. చెబితే కేసు ఆ పిల్ల చేతిలోంచి తీసేస్తారు. తీసేసి ఎవరికిస్తారు? నాలాంటివాడికిస్తారు. అంకె చూపించి కాయిన్లంటే కళ్లజోడు తుడుచుకునేవాడికి. ఇక ఈవిడ సొమ్ముకు దిక్కెవరు?"

"మీ పేరుకు దిక్కెవరు?"

ఆయన లేచి వెళ్లి పెరట్లో నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టరమ్మ ఇంటికొచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. నేను పలకరించలేదు. వంటింట్లోకి వెళ్లి కాఫీ కలిపి, కావాలనే పంచదార వెయ్యకుండా ఇచ్చాను. ఒక్క మాటనకుండా ఆఖరి చుక్కదాకా తాగింది.

"రేపు వెళ్లి డిప్యూటీగారికి చెప్పేస్తాను బాబాయ్. నేనే రాయించానని."

"ఇప్పుడు చెబితే కేసు పోతుందమ్మా. ముందు ఆ కాయిన్ల వెంటపడు. దారి కనపడుతుందన్నావుగా?"

"కనపడుతోంది. ఎక్కడా ఆగట్లేదు. ఎక్కడో ఒకచోట నోట్లుగా మార్చుకోడానికి ఆగాలి."

"అక్కడ పట్టుకో. తర్వాత చెప్పుకుందువుగాని."

ఆ పిల్ల తలొంచుకుని, "పిన్నిగారికి నామీద కోపంగా ఉంది" అంది.

"ఉంది" అన్నాను వంటింట్లోంచి. అబద్ధం ఎందుకు చెప్పాలి?

తర్వాతి కాలమంతా ఆయన ఇంట్లోనే. ఆయనకు ఊరికే కూర్చోవడం చేతకాదు. బీరువా సర్ది, మళ్లీ సర్ది, గొళ్లాలకు నూనె వేసి, నా పోపుల డబ్బాలన్నిటికీ చీటీలు అంటించారు. బజారుకు మాత్రం వెళ్లడం మానేశారు. ఎవరైనా తలుపు కొడితే లోపలి గదిలోకి వెళ్లిపోయేవారు. ఎప్పుడైనా గుమ్మం దాటినా, చిన్నప్పట్నుంచీ ఎరిగిన వీధిలో గోడవారగా ఒదిగి ఒదిగి నడిచేవారు.

కాయిన్లు చివరికి ఒకచోట ఆగాయి. సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక కొట్టు. ఆ కొట్టు బల్లమీద ఫోనుతో స్కాన్ చేసే గళ్ల బొమ్మ ఒకటి అంటించి ఉంటుంది, కాయిన్లు పంపేవాళ్లు పంపడానికి. ఆ బొమ్మ తాలూకు చిరునామా ఇన్‌స్పెక్టరమ్మ దగ్గర ముందే ఉందట. కొన్ని కాయిన్లు అక్కడికి వచ్చి, నోట్లై బయటికి వెళ్లాయి. ఆ రిపేరు కొట్టువాణ్ని అడిగితే, "నేనేం తప్పు చేశాను? ఇది అమ్మకూడదని రూలు ఉందా? లైసెన్సు కావాలని ఎక్కడుంది?" అని ఎదురు తిరిగాడట. రూలు రాస్తూ ఉన్నారు, ఇంకా అచ్చు కాలేదు. అందుకని వాణ్ని గద్దించడానికి కూడా ఆ పిల్లకు చట్టం చాల్లేదు. బతిమాలింది, భయపెట్టింది, వంటావిణ్ని తీసుకెళ్లి వాడి ఎదురుగా కూర్చోబెట్టింది. అప్పుడు చెప్పాడు.

వాళ్లలో పేర్లు అడిగే ఆచారం లేదు. కాయిన్లు పంపినవాడు తన జేబులోని ఒక చిన్న నోటును ఫొటో తీసి పంపుతాడు. ఆ నంబరున్న నోటు పట్టుకుని ఎవరొస్తే వాళ్లకు సంచీ ఇచ్చెయ్యడమే. ఆ చిన్న నోటే రసీదు, దాన్ని కొట్టువాడు ఉంచుకుంటాడు. "మొహాలు చూడను మేడమ్, నోటు చూస్తాను" అన్నాడట. నంబరు అక్షరాలు చిన్నవి కదా, అందుకని వచ్చినవాణ్ని దీపం కిందికి రమ్మని, నోటు పైకెత్తి పట్టుకోమనేవాడు. కొట్లో రిపేరుకొచ్చిన ఫోన్లు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని దీపం పక్కనే కెమెరా పెట్టుకున్నాడు. అంటే వచ్చిన ప్రతివాడూ నోటు పట్టుకుని, మొహం పైకెత్తి, కెమెరాకేసి చూసి మరీ వెళ్లాడన్నమాట. కొట్టువాడికి అప్పటిదాకా ఆ ఊహే లేదట.

ఆ కెమెరా వీడియోలో ఉన్నది సూట్‌కేసుల వాడి బావమరిది. పన్నెండు మాటలూ వాడి నోటికి వచ్చు. బావ జైల్లో ఉండగా బావకు కూడా చెప్పకుండా ఊడ్చేశాడు. వాడింట్లో కొంత నోట్లుగా దొరికింది. మిగతాది కాయిన్లుగానే ఎటో దాటిపోయింది.

కోర్టు రోజు వచ్చింది. నేనూ వెళ్లాను. జనంతో కిక్కిరిసిన గది, ఫ్యాను కిరకిరలు. వంటావిడ క్యాంటీన్‌కు సెలవుపెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. జడ్జిగారు మూటను బల్లమీద పెట్టించారు. ఇన్నాళ్లూ నేను చొక్కాల మీద మరకలుగా చూసిన లక్కను మొదటిసారి దాని చోట చూశాను. మెరుస్తూ, గుండ్రంగా, ఎంత నీటుగా ఉందో.

సూట్‌కేసుల వాడి లాయరు లేచాడు. "ఈ సీలు మీదేనా?"

"నాదేనండి" అన్నారాయన.

"ఎక్కడైనా చెదిరిందా?"

"లేదండి."

"చీటీ?"

"నా చేతిరాతేనండి."

"అందులో కాయిన్లు ఉన్నవి అని రాశారు. ఇప్పుడు లేవు. సీలు బాగానే ఉంది, కుట్టు బాగానే ఉంది, సరుకు లేదు. ఏమైనట్టు? ఎలకలు తిన్నాయా?"

గదంతా నవ్వులు. ఆయన చెవులు ఎర్రబడటం వెనకనుంచి నాకు కనిపించింది. వంటావిడ నా మణికట్టు పట్టుకుంది.

జడ్జిగారు నవ్వలేదు. "మీరు కాయిన్లను చూశారా?" అని అడిగారు.

"లేదండి. తెరమీద ఒక అంకె చూశాను."

"చూడనివి ఉన్నవని ఎలా రాశారు?"

"తప్పు రాశానండి."

"ఎవరైనా రాయమన్నారా?"

ఆయన నేలచూపులు చూస్తూ నిలబడ్డారు. నాకు లేచి అరవాలనిపించింది. అంతలో ముందు వరసలో కుర్చీ కిర్రుమంది.

"నేను రాయమన్నానండి."

ఇన్‌స్పెక్టరమ్మ లేచి నిలబడింది. "ఆయన అంకె అని రాస్తానన్నారు. నేను బతిమాలి కాయిన్లని రాయించాను. తప్పు నాది. కాయిన్లు తీసుకుపోయింది ముద్దాయి బావమరిది. ఇంకో ఫోన్లోంచి తీశాడు. నోట్లు తీసుకుంటున్న వీడియో ఉంది, ఒప్పుకున్న కాగితం ఉంది."

"అంటే ఫోను ఈ మూటలో ఉండగానే సొమ్ము వెళ్లిపోయింది" అన్నారు జడ్జిగారు.

"అవునండి. మేం ఫోనుకు సీలు వేశాం. సొమ్ముకు వెయ్యడానికి మా దగ్గర ఏమీ లేదండి."

"ఎందుకు లేదు?"

"అడిగానండి. ఫైలు పైకి వెళ్లింది."

"వెళ్లి?"

"ఇంకా దిగలేదండి."

మళ్లీ నవ్వులు. ఈసారి నవ్వింది ఆయన్ని చూసి కాదు. గోడవారగా నిలబడ్డ డిప్యూటీ దగ్గడం మొదలుపెట్టాడు. జడ్జిగారు చాలాసేపు ఏదో రాసి, మా ఆయనకేసి తలెత్తి, "మీమీద ఏ అనుమానమూ లేదు. మీరు వెళ్లొచ్చు" అన్నారు. అంతే. ఇన్నాళ్ల నలుగుడు ఆ రెండు ముక్కల్లో తేలిపోయింది.

బయట మెట్లమీద వంటావిడ, "నా సొమ్ము వచ్చినట్టేనా అన్నా?" అని అడిగింది.

"కొంత నోట్లుగా దొరికిందట. నేనింకా చూళ్లేదమ్మా. నా గదికొచ్చాక చెబుతాను" అన్నారు. నా గది అని ఆయన మళ్లీ అనడం విని నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను.

సస్పెన్షన్ ఎత్తేశారు, ఆ నోట్లు గదికి వచ్చాయి, కోర్టు ఉత్తరువు వచ్చింది, రిటైరయ్యేలోపు ఆయనే తన చేతులతో ఆవిడకు అందించారు. పోయినదాంట్లో సగం కన్నా తక్కువే. ఆవిడ హోటలు పెట్టలేదు, స్కూలు గేటు పక్కన ఒక బండి పెట్టింది. మిగతా కాయిన్లు ఏ దేశంలో ఉన్నాయో ఇన్‌స్పెక్టరమ్మకు తెలుసు, దారి కనపడుతూనే ఉందట. ఆ దేశంలో అది వస్తువూ కాదు, డబ్బూ కాదు, ఇంకేదోనట. ఉత్తరాలు నడుస్తున్నాయి. ఆ పిల్లకు మెమో ఇచ్చి, ప్రమోషను ఆపారు. "చెప్పకుండా ఉండాల్సింది" అని ఆయన బాధపడేవారు. "చెప్పకపోతే నేను ఊరుకునేదాన్ని కాదు" అనేదాన్ని. ఇప్పటికీ నా మాట అదే. అయితే ఆ పిల్ల వచ్చినప్పుడల్లా కాఫీలో పంచదార వేస్తున్నాను.

ఆయన పోయి ఏడాది దాటింది. గుండె. ఆస్పత్రి దాకా కూడా వెళ్లలేదు. ఆయన గురించి ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది కోర్టు సంగతి కాదు, కోర్టునుంచి ఇంటికొచ్చాక సంగతి.

అందరికీ కనపడేలా వీధి నడిమధ్య నడుచుకుంటూ వచ్చారు. సరుకుల కొట్టాయన లేచి నిలబడి, "సార్, కులాసానా?" అన్నాడు. "కులాసా" అని, ఆగి, అగ్గిపెట్టె ఒకటి కొన్నారు. మా ఇంట్లో పొయ్యికి అగ్గిపెట్టెతో పనిలేదు. ఇంటికొచ్చి దాన్ని నా చేతిలో పెట్టి, బూట్లతోనే మంచమ్మీద వాలిపోయారు. సస్పెండైనప్పట్నుంచీ ఆయన నిద్రంటే అటు దొర్లడం, ఇటు దొర్లడం. ఆ మధ్యాహ్నం గురకపెట్టి నిద్రపోయారు. నేను మెల్లగా బూట్లు విప్పి, తలుపు దగ్గరికి వేసి గుమ్మంలో కూర్చున్నాను. కాసేపటికి మా తమ్ముడు స్వీటు పెట్టె పట్టుకుని, వీధి మలుపునుంచే "బావోయ్!" అని కేకేస్తూ వచ్చాడు.

"మెల్లగారా" అన్నాను. "పడుకున్నారు. సాయంత్రం రా."